హోల్‌సేలులో వచ్చిన మందు

మా కొట్లో కుర్చీ అనేదే ఉండేది కాదు. ఒడిశాలో మా బరంపురం గేట్ బజార్‌లో చీరల హోల్‌సేలు కొట్లకు కుర్చీలతో పనేముంది? గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, వెనక ఆనుకోవడానికి బాలీసులు. యజమాని బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. సరుకు కోసం వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అదే పరుపు మీద ఎదురుగా కూర్చుంటారు. మధ్యలో చీర పరుచుకుంటుంది. నిలబడి బేరమాడేవాడు కొనడని, కూర్చున్నవాడు ఉత్తచేతులతో లేవడని మా మామగారు అంటుండేవారు.

ఆ పరుపు మీద నాకొక చోటుంది. మా ఆయనకు కుడిపక్కన, అద్దాల బీరువాకు ఆనుకుని. మామగారు చనిపోయిన ఏడాది చేతికింద మనిషి చాలక, "నాలుగు రోజులు వచ్చి కూకో, సాలు" అన్నారు మా ఆయన. ఆ నాలుగు రోజులూ ఇంకా పూర్తికాలేదు. నేను కూర్చున్నాక కొట్టుకు ఆడవాళ్ళ రాక పెరిగింది. గిరిసోల నుంచీ, హుమ్మ నుంచీ వచ్చి చీరలు మూటగట్టుకుపోయి ఊళ్ళలో వాయిదాల మీద అమ్ముకునేవాళ్ళు వీళ్ళంతా. మగవాడి ఎదురుగా కూర్చుంటే వాళ్ళ చేతులు చీర మీద కంటే పైట మీదే ఎక్కువుంటాయి. నా ముందు కాళ్ళు చాపుకుంటారు, తమలపాకు నములుతారు, ఏ ఊళ్ళో ఏ రంగు పోతుందో చెబుతారు. నేను బొటనవేలితో అంచు తడిమి, ఈ చీర రెండు ఉతుకులకు మించి నిలవదే, దీని జోలికి పోకు అని చెబుతాను. మా సరుకునే నేను తిడుతుంటే మా ఆయన పళ్ళు నూరుకునేవారు. కానీ అందుకే వాళ్ళు నన్ను నమ్మేవారు.

ముట్లుడిగి కొన్నేళ్ళయ్యాక నాకు రొమ్ములో గడ్డ తేలింది. విశాఖపట్నం వెళ్ళి ఆపరేషను చేయించుకున్నాను, రేడియేషను కరెంటు పెట్టించుకున్నాను. ఆ కథంతా ఇప్పుడు చెప్పను. అందరి కథలాంటిదే, బతికి బయటపడ్డాను కాబట్టి నాకు మంచి కథే. తిరిగొచ్చిన మొదటి రోజు నా చోట్లో కూర్చుని బాలీసు మీద మోచెయ్యి ఆన్చగానే, హమ్మయ్య, ఇక నాకేం ఫరవాలేదు అనిపించింది. రోజుకో మాత్ర చొప్పున కొన్నేళ్ళు వేసుకోమన్నారు. మాత్రే కదా, మింగితే పోయె అనుకున్నాను.

మాత్ర తన పని తాను చేసింది. దాంతోపాటు ఇంకో పని కూడా చేసింది. కొన్ని నెలలు గడిచేసరికి నాకు కింద ఎండిపోవడం మొదలైంది. ముందు చిన్న దురద, తర్వాత మంట, ఆ తర్వాత చీర కుచ్చిళ్ళు ఒరుసుకున్నా ప్రాణం పోయేది. ఒంటికి వెళ్ళాలంటే భయపడి నీళ్ళు తాగడం తగ్గించాను, దాంతో మంట ఇంకా ఎక్కువైంది. ఇక బాసింపట్టు వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోవడమంటే, మిరపకాయలు నూరిన రోలు కడక్కుండా దాని మీద కూర్చున్నట్టే.

నేను అటు ఒరిగి ఇటు ఒరిగి, మోకాళ్ళ మీద లేచి, ఏదో చీర తీసే నెపంతో బీరువా దగ్గర నిలబడి కాలక్షేపం చేశాను. ఏమైందని అడిగితే ఓ పూట గ్యాసన్నాను, ఓ పూట నడుమన్నాను, చివరికి మోకాళ్ళ దగ్గర స్థిరపడ్డాను. ఈ వయసులో మోకాళ్ళంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. మా ఆయన వేయలేదు. మర్నాడు పొద్దున్న ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పరుపు అంచున వేశారు.

ఆ కుర్చీ అంటే నాకు పీకలదాకా కోపం. దాని మీద కూర్చుంటే చీర నా కాళ్ళ దగ్గర పడుతుంది. లక్ష్మిని కాళ్ళ దగ్గర పరిచి ఎవరైనా వ్యాపారం చేస్తారా? ఎదుటివాళ్ళు మెడలెత్తి నాతో మాట్లాడాలి. నేను వంగి అంచు తడమాలి, వంగితే మళ్ళీ మంట. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు నన్ను ఒక నవ్వుతో పలకరించి, మా ఆయన ముందుకెళ్ళి పైట సర్దుకోవడం మొదలుపెట్టారు. సొంత కొట్లో నేను పెళ్ళికొచ్చిన చుట్టంలా కూర్చున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన, పళ్ళెంలోకి చూస్తూ అన్నారు. "పెళ్ళిల సీజను వచ్చీస్తంది. సత్రపురం నుంచి మా తమ్ముడి కొడుకుని రమ్మన్నాను. నీ సోటులో ఆడు కూకుంటాడు. నువ్వు ఇంటికాడ సుకంగా రెస్టు తీసుకో."

ఆ మరిదికొడుకు పిల్లవాడేం కాదు, ముప్పై దాటినవాడు, సెల్‌ఫోన్ల కొట్టు పెట్టి మూసినవాడు. వాడి మీద నాకేం పగ లేదు. కానీ ఆ మాట విన్నాక పళ్ళెం పక్కకు తోసి లేచాను. గడ్డ ఉందని డాక్టర్లు చెప్పిన రోజున కూడా నాకంత ఏడుపు రాలేదు. నా చోటు పోతోంది, అదీ ఎక్కడో చెప్పుకోలేని చోట మంట పుట్టి పోతోంది. సీజను వచ్చేలోగా నేను మళ్ళీ బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. అంతే, పట్టుబట్టాను.

సొంత వైద్యం మొదలైంది. శుభ్రం తక్కువైందేమోనని రోజుకు మూడుసార్లు మందు సబ్బుతో కడిగాను. తగ్గలేదు. వేపాకు మరగబెట్టిన నీళ్ళు. తగ్గలేదు. హుమ్మలో ఉప్పు మళ్ళున్న మా పెద్దాడపడుచు ఏటా బస్తాడు కల్లుప్పు పంపుతుంది. ఉప్పునీళ్ళు పుండును మాన్పుతాయని ఎక్కడో విని, టబ్బులో దోసిళ్ళతో పోసుకుని అందులో కూర్చున్నాను. కూర్చున్నానో లేదో కెవ్వుమని లేచాను. నా తిక్క కుదిరిందా? లేదు. సబ్బూ ఉప్పూ ఆరబెట్టేవి కదా, నూనె రాస్తే మెత్తబడుతుందని నాకు నేనే తెలివిగా ఆలోచించి, స్నానాలగది గూట్లో ఉన్న కొబ్బరినూనె సీసా అందుకున్నాను.

అది మా అత్తగారు మోకాళ్ళకని కర్పూరం కరిగించి పెట్టుకున్న నూనె.

కొరివితో తల గోక్కున్నట్టు అంటారు చూడండి, నాకు తల కూడా కాదు. స్నానాలగదిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి మళ్ళీ స్నానాలగదిలోకి, చెంబులు చెంబులు నీళ్ళు కుమ్మరించుకుంటూ ఎన్నిసార్లు తిరిగానో. మా అత్తగారికి ఎనభై దాటాయి. ముక్కు మాత్రం పదహారేళ్ళది. వసారాలో మంచం మీంచే కేకేసింది.

"నా మోకాల్ల నూనె ఎవులు తీసేరే?"

"నేనే అత్తా. మోకాళ్ళకే రాసుకున్నాను."

"మోకాల్లకి రాసుకున్నోలు అలగ గెంతరు. ఇటు రా. ఎక్కడ రాసేవు?"

చెప్పక తప్పలేదు. తల వంచుకుని చెప్పాను. ముసలావిడ నోట్లో పళ్ళు లేవు గానీ, నవ్వు ఆపుకోలేక మంచం పట్టె పట్టుకుంది. నాకు కోపమొచ్చింది, ఆ వెంటనే నాకూ నవ్వొచ్చింది. మంటకు కళ్ళలో నీళ్ళు, నవ్వుకు కళ్ళలో నీళ్ళు. కాసేపయ్యాక ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"నాకూ వచ్చింది ఇదే రోగం, మీ మావ ఉండగానే. ఎవులికి సెప్పుకుంటాను? ఆయనకి కోపమొచ్చీది, నాకు ఏడుపొచ్చీది. ఆఖరికి ఏరేగా పడుకున్నాం. నువ్వలగ సెయ్యకు. డాక్టరు దగ్గరకి ఎల్లు. నా నూనె మాత్రం ముట్టుకోకు."

మా అత్తగారి నోట అలాంటి మాట ముప్పై అయిదేళ్ళ కాపురంలో నేను వినలేదు. ఆ రోజు ఆవిడ మీద నాకు పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడే ఆడ డాక్టరు దగ్గరికెళ్ళాను. నా కూతురి వయసు ఉంటుంది, ఒడియా అమ్మాయి. "కొణొ హెవుచి మావుసీ?" అని, ఏమవుతోంది పిన్నీ అని మెత్తగా అడిగింది. ఇక్కడే ఒక చిత్రం జరిగింది. తెలుగులో నోటికి రాని మాట ఒడియాలో గడగడా వచ్చేసింది. జొలుచి, మండుతోంది. శుఖిలా, పొడి. ఎక్కడ, ఎప్పటి నుంచి, మా ఆయనతో ఉన్నప్పుడు ఎలా, ఇప్పుడసలు ఉండటమే లేదు, అన్నీ చెప్పేశాను. తెలుగు మా అమ్మ నేర్పిన భాష, అందులో ఆ మాటలు అమ్మ నేర్పలేదు. ఒడియా నేను బజారులో నేర్చుకున్నాను. బజారు భాషకు సిగ్గెక్కడిది?

ఆ అమ్మాయి పరీక్ష చేసి, పుండూ చీమూ వంటివేం లేవంది. ముట్లుడిగాక ఒంట్లో మిగిలే కాస్త హార్మోనును కూడా ఆ మాత్ర అణిచేస్తుందనీ, దాంతో యోని లోపలి పొర పలచబడి పొడిబారిపోతుందనీ చెప్పింది. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దంది. హార్మోను కలిసిన పూతమందులున్నాయి గానీ, నాలాంటివాళ్ళు కాన్సరు డాక్టర్ని అడక్కుండా వాటి జోలికి వెళ్ళకూడదంది. ముందు హార్మోను లేని తేమ జెల్లు, వారానికి కొన్నిసార్లు, నెలల తరబడి విడవకుండా వాడాలట. మొగుడూ పెళ్ళాల మధ్య అవసరానికి ఇంకో జెల్లు వేరే ఉందట. అది తర్వాత, మంట తగ్గాక రాసిస్తానంది. కడగడానికి వట్టి నీళ్ళు చాలు అంది. సబ్బు, వేపాకు, ఉప్పు గురించి చెబుతుంటే ఆ పిల్ల తల కొట్టుకుంది. కర్పూరం దాకా వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

చీటీ పట్టుకుని కొట్టుకొచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. ఆడవాళ్ళ మందు, తెప్పించండి అన్నాను. ఆయన చీటీ విప్పలేదు, జేబులో పెట్టుకుని ఒక్కటే అడిగారు.

"ఎన్నాల్లు వాడాల?"

"చాలా నెలలు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా ఇంట్లో చిల్లరగా కొనడమంటే నామోషీ. పప్పయినా ఉప్పయినా, పిల్లల పెన్సిళ్ళయినా డజన్లలోనే వచ్చేవి. తాను హోల్‌సేలు చేస్తూ రీటైలు కొట్టు ముందు నిలబడటం మా ఆయన దృష్టిలో, వంటవాడు హోటల్లో తిన్నట్టు. మందుల హోల్‌సేలు చేసే స్నేహితుడొకాయనకు చీటీ పంపి ఊరుకున్నారు.

రెండు రోజుల తర్వాత, పదకొండు గంటల వేళ. పరుపు నిండా ఆడవాళ్ళు. గిరిసోల నుంచి వచ్చే ఆవిడ, నా వయసుదే, బలమైన మనిషి, సగం మూట కట్టేసింది కూడా. నేను నా ఎర్ర కుర్చీలో చుట్టరికం వెలగబెడుతున్నాను. అప్పుడు ట్రాలీ రిక్షా వచ్చి అట్టపెట్టె దింపింది. మా గుమాస్తాకు చూపు అంతంత మాత్రం. జాకెట్టు ముక్కలనుకుని తాడు కోసి, వచ్చిన సరుకు వచ్చినట్టు తెల్ల దుప్పటి మీద వరసగా పేర్చేశాడు. గులాబీరంగు పెట్టెలు. ఒక్కోదాని మీద ఒక పువ్వు, ఒక నవ్వుతున్న ఆడమనిషి.

గిరిసోల ఆవిడ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్త సరుకేటి సావుకారీ? ఏటిది?"

మా ఆయనకు అప్పుడే తెలిసింది, అదేమిటో. చెవులు ఎర్రబడ్డాయి. "అదా," అన్నారు, "ముకానికి రాసుకునీది."

"మెరుస్తాదా?"

సరుకు గురించి కొనేవాళ్ళు మంచిగా అడిగితే కాదనడం ఆయన రక్తంలో లేదు. "మెరుస్తాది" అన్నారు.

"అయితే నాకు రెండియ్యి. మా కోడలికి ఒకటి."

పక్కన కూర్చున్న ఆవిడ కూడా ఒకటి పట్టుకుంది. ఇక ఊరుకుంటే ఈ మందు సాయంత్రానికి గిరిసోలలో ముఖాలకెక్కుతుంది. పైగా ఇన్నేళ్ళుగా నా మాట మీద చీరలు కొన్నవాళ్ళు. వాళ్ళకు నా ముందే అబద్ధం అంటగట్టడం నాకు గిట్టలేదు. చెబుదామని నోరు తెరిచాను గానీ, ఇలాంటి మాట పైనుంచి కిందికి చెప్పేది కాదు. కుర్చీ దిగాను. మంట ఉన్నా సరే, ఒక పక్కకు ఒరిగి, నా చోట్లో, పరుపు మీద కూర్చున్నాను. ఆడవాళ్ళందరూ దగ్గరికి జరిగారు. అలవాటు అలాంటిది.

"ముకానికి కాదే," అన్నాను. "కిందకి. నాకే. ఆపరేసనైన కాడ్నించి మాత్రలేసుకుంటన్నాను కదా, ఎండిపోయి మంట. అందుకే ఈ కుర్చీ. మోకాల్లు కాదు."

తెలుగులోనే చెప్పాను. బజారు తెలుగులో, నా తెలుగులో.

మా ఆయన గుమాస్తాను టీ తాగి రమ్మని పంపేశారు. తాను మాత్రం ఎటు పోవాలన్నా ఆడవాళ్ళను దాటుకుని పోవాలి. బీరువా వైపు తిరిగి, ఉన్న చీరల మడతలు విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టారు.

గిరిసోల ఆవిడ పెట్టెను మెల్లగా దుప్పటి మీద పెట్టింది. "నాకు ఆపరేసను నేదు, మాత్రలూ నేవు. ముట్లు ఆగిపోయి నాలుగేల్లయింది," అంది నెమ్మదిగా. "నాకూ మంటే. మూట మోసుకుని బస్సుల్లో కుదుపులకి ఒరుసుకుపోతందనుకున్నాను. ఆడది ఇంకేటి అనుకుంతాది?"

ఇంకో ఆవిడ అవునన్నట్టు తల ఊపింది. ఆ తర్వాత పరుపు మీద జరిగిన మాటల్లో సగం నేను ఇక్కడ రాయలేను. నవ్వులైతే వీధిలోకి వినపడ్డాయి. కర్పూరం సంగతి చెప్పాక ఒకావిడకు పొలమారి నీళ్ళు తాగించాల్సొచ్చింది. అయితే మందు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చీరయితే చూసి చెబుతాను గానీ ఇది నేను చూసి చెప్పేది కాదు, ముందు డాక్టరుకు చూపించుకోండి, ముట్లాగిపోయాక ఎర్రగా చుక్క కనబడినా ఒక్కరోజు ఆగొద్దు అని చెప్పి, ఆ అమ్మాయి ఆసుపత్రికి దారి చెప్పాను. గిరిసోల ఆవిడ చీరల మూట మా దగ్గరే వదిలేసి, అటు నుంచి అటే ఆటో ఎక్కింది.

సాయంత్రం కొట్టు కట్టేముందు మా ఆయన బాలీసులు సర్దుతూ అన్నారు. "నా పక్కన కూకోడం ఇష్టం నేక కుర్చీ ఎక్కేవేమో అనుకున్నాను."

"అయ్యో, అదేటండీ?"

"ఆపరేసనైన కాడ్నించి దూరంగానే ఉంతున్నావు. నాను ఏటన్నా తప్పు సేసేనేమో అని. అందుకే కుర్రాడ్ని పిలిసేను. నీకు సుకంగా ఉంతాదని." చేతిలో బాలీసు కింద పెట్టి, "సెప్పొచ్చు కదా" అన్నారు.

"అడగొచ్చు కదా" అన్నాను నేను.

ఇద్దరం తప్పు ఒప్పుకోలేదు. కానీ పక్క పక్కనే కూర్చుని ఆ గులాబీ పెట్టెలన్నీ అట్టపెట్టెలో సర్దాం. కట్టు విప్పిన సరుకు వాపసు తీసుకోరు. అది హోల్‌సేలు ధర్మం, మేమూ తీసుకోం. పెట్టె ఇంటికొచ్చింది.

మందు మాయలా పనిచేయలేదు. వారాలు పట్టింది. వట్టి నీళ్ళు, వదులు బట్టలు, విడవకుండా ఆ జెల్లు. ఒక పూట మంట గుర్తురాకుండానే గడిచిపోయింది. అలాంటి పూటలు ఎక్కువయ్యాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు మంట తల ఎత్తుతుంది, కానీ నేను పట్టించుకోనంత చిన్నగా. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మాయి ఆ ఇంకో జెల్లు కూడా రాసింది. చీటీ మా ఆయనకు ఇస్తూ, మళ్ళీ ట్రాలీ రిక్షాలో రాకుండా చూడండి అన్నాను.

రాలేదు. మా ఆయన ఆటో ఎక్కి, తనను ఎవరూ ఎరగని పేటకు వెళ్ళి, మందుల కొట్టు ముందు నలుగురితో పాటు నిలబడి, ఒకే ఒక్కటి, చిల్లరగా కొనుక్కొచ్చారు. కాగితం సంచీలో తెచ్చి నా చేతికిచ్చారు. ముప్పై అయిదేళ్ళలో ఆయన నాకు పట్టుచీరలు ఎన్నో ఇచ్చారు, అవన్నీ కొట్లోవే. నాకోసం రీటైలులో నిలబడి కొన్నది ఇదొక్కటే. నాకు కొత్తపెళ్ళికూతురిలా సిగ్గేసింది.

సీజను మొదలైన రోజు మరిదికొడుకు సంచీ భుజానేసుకుని దిగాడు. కొట్టు కిటకిటలాడుతోంది. నేను నా చోట్లో బాసింపట్టు వేసుకుని, ఒడి నిండా చీరలు పరుచుకుని ఉన్నాను. ఎదురుగా గిరిసోల ఆవిడ కాళ్ళు చాపుకుని, ఈ రంగు మా ఊళ్ళో పోదు సావుకారమ్మా అని నాతో దెబ్బలాడుతోంది. వాడు గుమ్మంలోనే చెప్పులు విడిచి, అటూ ఇటూ చూసి అడిగాడు.

"పెద్దమ్మా, నేనెక్కడ కూకోను?"

నేను చీర మీంచి చెయ్యి తీయకుండా, గడ్డంతో ఎర్ర కుర్చీ చూపించాను.